గోపాల్‌పూర్ నుంచి నడిసముద్రానికి: కడలి పక్షిని పోల్చుకోవడం ఎలా?

ఒడిశా గంజాం తీరంలోని గోపాల్‌పూర్ బీచ్‌లో చలికాలం కనిపించే పక్షులకు పేర్లు పెట్టడం అంత కష్టం కాదు. అలల మీద కేకలు వేస్తూ తిరిగేవాటిలో చాలావరకు బ్రౌన్‌హెడెడ్ గల్‌లు. లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచి, శీతాకాలానికి మన తీరానికి దిగుతాయి. రెక్క చివర నలుపు, ఆ నలుపులో తెల్ల మచ్చ చూస్తే చాలు. ఇంకాస్త ఉత్తరంగా ఋషికుల్య నది మొగ దాకా వెళ్తే ఇసుక తిన్నెల మీద టెర్న్‌లు బారులు తీరి ఉంటాయి. లావుపాటి ఎర్ర ముక్కు ఉంటే కాస్పియన్ టెర్న్, పొట్టిగా మందంగా నల్ల ముక్కు ఉంటే గల్‌బిల్డ్ టెర్న్. పక్షి కూర్చునే ఉంటుంది కాబట్టి పుస్తకం తెరిచి, ముక్కు చూసి, కాళ్ల రంగు చూసి నిదానంగా తేల్చుకోవచ్చు.

అదే మనిషి ఫైబర్ బోటెక్కి ఒడ్డు కనుమరుగయ్యేంత దూరం వెళ్తే ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ పక్షి చాలాసార్లు వాలదు. రెండు అలల మధ్య నుంచి పైకి లేచి, నాలుగైదు సెకన్లు కనబడి, మళ్లీ నీళ్ల వెనక్కి పోతుంది. కాళ్లు కనపడవు. ఎండకు ఎదురుగా ఉంటే ఏ రంగైనా నల్లగానే ఉంటుంది. పక్కన చెట్టూ కొమ్మా ఉండవు కాబట్టి పెద్దదో చిన్నదో కూడా తెలియదు. బరంపురం, ఛత్రపురం నుంచి మొదటిసారి సముద్రంలోకి వచ్చిన పక్షి ప్రేమికులు అక్కడ టెన్షన్ పడిపోయి, పుస్తకంలో బొమ్మలు తిప్పుతూ ఉన్న సమయం కాస్తా పోగొట్టుకుంటారు.

లోపం వాళ్ల కళ్లలో లేదు, చూసే వరసలో ఉంది. ఒడ్డు మీద రంగు, ముక్కు, కాళ్లు, ఆ తర్వాతే నడక, ఎగురుడు. సముద్రంలో దీన్ని తిరగెయ్యాలి. ముందు ఎగిరే తీరు చూడాలి. దాన్నిబట్టి కుటుంబం తేలుతుంది. కుటుంబం తేలాక ఆ కుటుంబానికి అడగాల్సిన ఒకటి రెండు ప్రశ్నలే ఉంటాయి. రంగు చివరికి వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. దూరం నుంచి వచ్చే మనిషిని మొహం కనిపించకముందే నడకను బట్టి పోల్చుకుంటాం కదా, ఇదీ అదే పని.

ఈ సంగతి మన పల్లెలవాళ్లకు కొత్త కాదు. ఆర్యపల్లి నుంచి సోనాపూర్ దాకా గంజాం తీరంలో వేటకు వెళ్లేవాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్లే, ఒడియావాళ్లు నోలియాలు అనేది వీళ్లనే. బోటు మీద పెద్దాయన "అదుగో బాబూ, పిట్టలు మూగినాయి, కింద సూర ఉంది" అన్నాడంటే, ఆయన చూసింది రెక్కల రంగును కాదు, అవి తిరిగే తీరును. సూర చేపలు కింద నుంచి తరిమితే చిన్న చేపలు నీటి పైకి వస్తాయి, టెర్న్‌లు పైనుంచి వాటి మీద పడతాయి. పక్షులు ఒకే దిక్కుకు సాగిపోతుంటే ఒక అర్థం, ఒకేచోట సుడి తిరుగుతుంటే ఇంకో అర్థం. ఈ చూపున్న మనిషి పక్కన కూర్చోవడం ఏ పుస్తకం కంటే ఎక్కువ నేర్పుతుందని నేను నమ్ముతాను.

ముందు వెలుతురు సంగతి

తూర్పు తీరంవాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. గంజాం తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లడమంటే ఆగ్నేయానికి వెళ్లడం. చలికాలంలో సూర్యుడు లేచేదీ ఆ దిక్కునే. తెల్లవారుజామున బయల్దేరిన బోటు ముందు రెండు మూడు గంటలు సూర్యుడికి ఎదురుగానే పోతుంది. అందరూ అణియం వైపు, అంటే బోటు ముందుకు, చూస్తూ కూర్చుంటారు, అటు కనిపించే ప్రతి పక్షీ నల్లటి నీడే. పొద్దున వెళ్లేటప్పుడు చూడాల్సింది వెనక్కి, అమరం వైపు. ఇంజిన్ తరిగిన నీటి చాలు మీద వెంట వచ్చే పక్షుల ఒంటి మీద ఎండ పడుతుంటుంది. మధ్యాహ్నానికల్లా తిరుగుముఖం పడితే సూర్యుడు దక్షిణాన, ఎడమ భుజం వెనక ఉంటాడు. అప్పుడు కుడివైపు కూర్చున్నవాళ్లకు రంగులు నిజంగా కనిపిస్తాయి. ఇంకా ఆలస్యం చేస్తే సూర్యుడు పడమటికి దిగి మళ్లీ మొహం మీదికి వస్తాడు.

బైనాక్యులర్ 10 రెట్లది కంటే 7 లేదా 8 రెట్లది మేలు. పెద్దగా చూపించేది బోటు ఊపును కూడా పెద్దగా చూపిస్తుంది. కంటి ఎత్తు నీటికి రెండు మీటర్లే ఉంటే దిగంతం సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, అయితే అల కాస్త పెద్దదైతే 300 మీటర్లలో ఉన్న పక్షి కూడా సగం సేపు కనపడదు. అందుకే ఒకరు చూసింది మిగతావాళ్లకు వెంటనే చెప్పాలి. అణియం 12 గంటలు, అమరం 6 గంటలు అనుకుని "3 గంటల దగ్గర, నీళ్లకు ఆనుకుని, ఎడమకు పోతోంది" అంటే చాలు. పేరు తర్వాత చెప్పుకోవచ్చు.

రెక్క చెప్పే మాట

ఎగిరే తీరు పక్షి ఇష్టం కాదు, శరీరం బరువుకూ రెక్క వైశాల్యానికీ ఉన్న లెక్క. టెర్న్ ఒళ్లు తేలిక, రెక్క పొడుగు. అందుకే ప్రతి ఊపుకీ ఒళ్లు కాస్త పైకి లేస్తుంది, తల కిందికి వంచి నీళ్లను వెతుకుతుంది. షీర్‌వాటర్ రెక్క పొడుగే కానీ సన్నం, ఒళ్లు బరువు. నాలుగు ఊపులు ఊపి, రెక్కలు బిగబట్టి, ఒక పక్కకు ఒరిగి అల వెంట జారిపోతుంది. నీళ్లకు ఆనుకుని గాలి నెమ్మదిగా, పైన వేగంగా ఉంటుంది. ఈ తేడానే వాడుకుని అది రెక్క ఆడించకుండా ఎంతో దూరం పోగలదు. స్టార్మ్ పెట్రెల్ ఒళ్లు మరీ చిన్నది, నీటి మీద అటూ ఇటూ కొట్టుకుంటూ ఎగురుతుంది. బూబీ ముక్కు నుంచి తోక దాకా రెండు వైపులా మొన తేలి, వరసగా నాలుగైదు కలిసి నీళ్ల మీదుగా సాగుతుంది. ఫ్రిగేట్ పక్షి ఎంతో ఎత్తున రెక్క కదపకుండా నిలుస్తుంది.

ఇక్కడ గాలిని మర్చిపోకూడదు. గాలి బాగా ఉన్న రోజు షీర్‌వాటర్ జారుతుంది, గాలి పడిపోయిన రోజు అదే పక్షి రెక్కలు టపటపలాడిస్తూ కష్టంగా ఎగురుతుంది, లేదా నీటి మీద కూర్చుండిపోతుంది. నిన్న చూసిన పక్షి ఇవాళ వేరే జాతిలా అనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. అందుకే నోట్‌బుక్‌లో పక్షి కంటే ముందు గాలి దిక్కు, జోరు రాసుకోమంటాను. ఇంకో జాగ్రత్త: నీటి మీద కనిపించేవన్నీ సముద్ర పక్షులు కావు. వలస కాలంలో కొంగలు, వానకోవెలలు ఒడ్డుకు చాలా దూరంలో కూడా దాటుతుంటాయి. దూరాన తెల్లగా వరసగా పోయేవాటిని టెర్న్‌లని రాసుకునే ముందు మెడ ముడుచుకుని ఉందేమో, కాళ్లు వెనక్కి సాగి ఉన్నాయేమో చూడాలి.

టెర్న్‌లు: ఎక్కువ కనిపించేవి, ఎక్కువ తికమక పెట్టేవి

ఒడ్డుకు దగ్గరలో, వలలు లాగుతున్న బోట్ల చుట్టూ ఉండేవి తలమీద నల్ల కుచ్చు ఉన్న పెద్ద టెర్న్‌లు. గ్రేటర్ క్రెస్టెడ్ టెర్న్ ముక్కు ఆకుపచ్చ కలిసిన పసుపు, వీపు కాస్త ముదురు బూడిద. లెసర్ క్రెస్టెడ్ దానికంటే చిన్నది, ముక్కు నారింజ. సాండ్‌విచ్ టెర్న్‌కు నల్ల ముక్కు చివర పసుపు. ఎండలో ముక్కు రంగు మోసం చేస్తుంది కాబట్టి పెద్ద క్రెస్టెడ్‌కు నల్ల టోపీకీ ముక్కుకూ మధ్య నుదురు ఎప్పుడూ తెల్లగా ఉంటుందన్నది గుర్తుపెట్టుకోవాలి. చిన్నదానికి గుడ్లు పెట్టే కాలంలో నలుపు ముక్కు దాకా వస్తుంది.

ఆకుపచ్చగా ఉన్న నీళ్లు దాటి ముదురు నీలం మొదలయ్యాక ఈ పక్షులు పలచబడతాయి. కింద ఖండతీరపు అంచు దగ్గరపడి, లోతు 200 మీటర్లు దాటి ఒక్కసారిగా పెరిగే చోటికి చేరుతున్నాం అన్నమాట. రెండు రకాల నీళ్లు కలిసే చోట నురుగూ చెత్తా ఒక గీతగా తేలుతుంటాయి. సరంగును బతిమాలైనా ఆ గీత వెంట బోటు నెమ్మదిగా నడిపించుకోవాలి. నడిసముద్రపు టెర్న్‌లు రెండూ, సూటీ, బ్రైడిల్డ్, కలిసేది అక్కడే.

రెండింటికీ పైన ముదురు, కింద తెలుపు, నుదుటి మీద తెలుపు. పుస్తకంలో పక్కపక్కన పెడితే తేడా స్పష్టం: సూటీ వీపు నలుపు, బ్రైడిల్డ్ వీపు గోధుమ కలిసిన బూడిద. సముద్రం మీద ఎండలో ఈ తేడా దాదాపు కరిగిపోతుంది. నిలబడే గుర్తులు మూడు. సూటీ నుదుటి తెలుపు వెడల్పుగా ఉండి కంటి దగ్గరే ఆగిపోతుంది; బ్రైడిల్డ్‌కు అది సన్నటి కనుబొమగా కంటిని దాటి వెనక్కి పోతుంది. సూటీకి తల నలుపు, వీపు నలుపు ఒకటే ముక్క. బ్రైడిల్డ్‌కు నల్ల టోపీకీ వీపుకూ మధ్య మెడ మీద లేత పట్టీ ఉంటుంది. మూడోది, నాకు అన్నిటికంటే ఉపయోగపడేది, ప్రవర్తన. బ్రైడిల్డ్‌కు తేలే వస్తువు దొరికితే చాలు వాలుతుంది. దుంగ, థర్మోకోల్ ముక్క, వల బుడగ, ఏదైనా సరే. సూటీ నీళ్ల మీద దిగడం చాలా అరుదు. పుట్టిన దీవిని వదిలిన పిల్ల పక్షి ఏళ్ల తరబడి నేల మీద కాలు పెట్టకుండా గాలిలోనే గడుపుతుంది. ఇది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. కాబట్టి తేలే చెక్క మీద ముదురు వీపు టెర్న్ కూర్చుని ఉందంటే ముందు బ్రైడిల్డ్ అనుకుని, తర్వాత కనుబొమ చూసి ఖాయం చేసుకోవాలి.

అసలు చిక్కు సూటీ పిల్ల పక్షితో. అది కింద కూడా ముదురుగానే ఉంటుంది. దూరం నుంచి చూసి బ్రౌన్ నాడీ (ఒళ్లంతా ముదురుగా ఉండే ఇంకో రకం టెర్న్) అని రాసేస్తుంటారు. నాడీ తోక గుండ్రంగా వెడల్పుగా ఉండి చివర చిన్న నొక్కు పడి ఉంటుంది, నెత్తి లేత రంగు. సూటీ పిల్లకు తోక చీలి ఉంటుంది, తోక కింద తెలుపు, వీపు మీద తెల్ల చుక్కలు. తోక విప్పే దాకా చూపు తిప్పకుండా ఉంటే తేలిపోతుంది.

ఈ పక్షులు గుడ్లు పెట్టే చోట్లు మన దేశంలోనూ ఉన్నాయి. లక్షద్వీప్‌లోని పిట్టి అనే చిన్న ఇసుక దీవిలో సూటీ టెర్న్‌లు, బ్రౌన్ నాడీలు, పెద్ద క్రెస్టెడ్ టెర్న్‌లు. మహారాష్ట్ర తీరంలో వెంగుర్ల రాళ్ల మీద బ్రైడిల్డ్ టెర్న్‌లు.

దొంగను దొంగతనంతోనే పట్టాలి

టెర్న్‌ల గుంపు ఉన్నట్టుండి చెదిరి ఒక పక్షి కేకలు పెడుతూ మెలికలు తిరుగుతుంటే, దాని వెనక ముదురు రంగు పక్షి పడి ఉంటే అది స్కువా. నోట్లో చేపను వదిలేదాకా తరుముతుంది, వదలగానే గాలిలోనే అందుకుంటుంది. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న టుండ్రాలో గుడ్లు పెట్టి చలికాలానికి వెచ్చటి సముద్రాలకు వచ్చే స్కువాలు మూడు రకాలు: పోమరైన్, పారాసైటిక్, లాంగ్‌టెయిల్డ్. కుటుంబాన్ని గుర్తుపట్టడం ఎంత తేలికో, మూడింటిలో ఏదో తేల్చడం అంత కష్టం. ఒకే జాతిలో లేత రంగువీ ముదురు రంగువీ ఉంటాయి. పిల్ల పక్షులకు ఒంటినిండా చారలు. పుస్తకాల్లో గొప్పగా గీసే తోక మధ్య ఈకలు మన దగ్గరికి వచ్చేసరికి చాలా పక్షులకు ఉండవు.

అందుకే స్కువాను దాని రంగుతో కాక అది తరుముతున్న పక్షితో పోల్చి చూడాలి. సముద్రం మీద కొలబద్ద దొరికే అరుదైన సందర్భం ఇది. పెద్ద క్రెస్టెడ్ టెర్న్‌ను తరుముతూ, దానికంటే స్పష్టంగా భారీగా, రొమ్ము ముందుకు పొంగి ఉంటే పోమరైన్ వైపు మొగ్గొచ్చు. డేగలా చురుగ్గా మెలికలు తిరుగుతూ ఎక్కువసేపు వెంటాడితే పారాసైటిక్. సన్నటి ఒళ్లు, టెర్న్‌కు దగ్గరగా ఉండే ఎగురుడు, రెక్క పైభాగంలో అంచున ఒకటి రెండు ఈకల కాడలు మాత్రమే తెల్లగా ఉంటే లాంగ్‌టెయిల్డ్. ఈ మూడూ సరిగ్గా కలవకపోతే "స్కువా, జాతి తేలలేదు" అని రాసి వదిలేయాలి. అనుభవమున్నవాళ్లూ అలాగే రాస్తారు.

వాసన పట్టి వచ్చేవి

షీర్‌వాటర్‌లకూ పెట్రెల్‌లకూ ముక్కు మీద గొట్టాల్లాంటి నాసికలు ఉంటాయి. ఇవి వాసనతో తిండి వెతుకుతాయి. నీటిలో తేలే సూక్ష్మ మొక్కలను చిన్న జీవులు మేసేటప్పుడు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు వెలువడుతుంది. పెట్రెల్‌లలో చాలా జాతులు దాని జాడ పట్టి మేత ఉన్న చోటికి చేరతాయని 1990లలో జరిగిన ప్రయోగాల్లో తేలింది. బోటు ఆపి చేప నూనె చుక్కలు చుక్కలుగా వదిలితే, అంతవరకు ఖాళీగా ఉన్న నీళ్ల మీదికి గాలి కింది వైపు నుంచి పక్షులు రావడానికి కారణం ఇదే. కాబట్టి బోటు ఆగినప్పుడు చూడాల్సింది గాలి వచ్చే వైపు కాదు, గాలి పోయే వైపు.

విల్సన్స్ స్టార్మ్ పెట్రెల్ పిచ్చుక కంటే కాస్త పెద్దది, బరువు 35 నుంచి 40 గ్రాములు. అంటార్కిటికాలో, దాని చుట్టుపక్కల దీవుల్లో గుడ్లు పెట్టి, అక్కడ చలి ముదిరాక హిందూ మహాసముద్రం ఉత్తర కొస దాకా వస్తుంది. నల్లటి ఒళ్లు, నడుం చుట్టూ తెల్లటి పట్టీ, తోక చివర దాటి కనిపించే కాళ్లు. మేసేటప్పుడు రెక్కలు పైకెత్తి, కాళ్లతో నీటిని తడుతూ తిరుగుతుంది. దీనితో పొరపడే అవకాశమున్నది స్విన్‌హోస్ స్టార్మ్ పెట్రెల్. అది జపాన్, కొరియా వైపు దీవులది. తెల్ల పట్టీ ఉండదు, తోక చీలి ఉంటుంది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నడుం తెలుపా, కాదా?

ముదురు షీర్‌వాటర్‌ల విషయంలో తోక, ముక్కు చూడాలి. వెడ్జ్‌టెయిల్డ్ తోక పొడుగు, మొన తేలి ఉంటుంది. ముక్కు సన్నం, ముదురు. రెక్కలు ముందుకు వంచి నిదానంగా ఎగురుతుంది. ఫ్లెష్‌ఫుటెడ్ బరువైనది, ముక్కు లేత రంగు, చివర మాత్రం నలుపు. ఆ లేత ముక్కు ఎండలో చాలా దూరానికి మెరుస్తుంది. షార్ట్‌టెయిల్డ్‌కు తోక పొట్టి, రెక్క కింద వెండి మెరుపు, రెక్కలు వేగంగా ఆడిస్తుంది.

బూబీలూ ఫ్రిగేట్‌లూ దగ్గరగా వస్తే పెద్దగా ఇబ్బంది పెట్టవు. బ్రౌన్ బూబీకి చాక్లెట్ రంగు రొమ్మూ తెల్లటి పొట్టా కత్తితో కోసినట్టు విడిపోతాయి. మాస్క్‌డ్ బూబీ పిల్లకు మెడ చుట్టూ తెల్ల పట్టీ ఉంటుంది. ఫ్రిగేట్ కనిపిస్తే కిందిభాగం ఫొటోలు వీలైనన్ని తీసి ఒడ్డుకు వచ్చాక చూసుకోవడం మంచిది. పొట్ట మీది తెలుపు చంకల్లోకి ఎలా సాగుతుందన్నదే అక్కడ ముఖ్యం.

ఏ నెలలో ఏది, ఎందుకు తెలియదు

చలికాలం మన సముద్రంలో ఉత్తరం నుంచి వచ్చే గల్‌లు, స్కువాలు ఉంటాయి. దక్షిణార్ధగోళం నుంచి వచ్చే పెట్రెల్‌లకూ చాలా షీర్‌వాటర్‌లకూ కాలం మే నుంచి అక్టోబర్. సరిగ్గా అప్పుడే మన బోట్లు ఒడ్డున ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా వేట నిషేధం, ఆ వెనకే నైరుతి గాలుల పోటు. దీనికి తోడు తాబేళ్ల కోసం ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల వరకు వేటపై ఆంక్షలు. ఈ రెండు నిషేధాలూ అవసరమైనవే, వాటిని మనసారా సమర్థిస్తాను. అయితే వాటి వల్ల మన పక్షుల జాబితా ఒక వైపుకు ఒరిగిపోయిందని గ్రహించాలి. గంజాం సముద్రంలో పెట్రెల్‌లు తక్కువ అని అనిపిస్తే, అవి నిజంగా తక్కువో, అవి ఉండే నెలల్లో చూసే కన్ను తక్కువో ముందు అడగాలి. వేట నిషేధం ముగిశాక, సముద్రం అనుకూలించిన రోజున వెళ్లి చేసిన ఒక్క జాబితా, జనవరిలో చేసిన వాటికంటే ఎక్కువ కొత్త విషయం చెప్పగలదు. బయల్దేరే ముందు వాతావరణ హెచ్చరికలు, మెరైన్ పోలీసుల అనుమతి, అందరికీ లైఫ్ జాకెట్లు, ఈ మూడింటిలో ఏదీ వదలకూడదు.

ఇంత తక్కువ సమాచారమున్న చోట తప్పు పేరు చాలా నష్టం చేస్తుంది. ఊహించి రాసిన ఒక్క పేరు రికార్డుల్లోకి ఎక్కితే, తర్వాతివాళ్లు దాన్ని చూసి తమ పక్షికీ అదే పేరు పెడతారు. పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో సముద్రం మీద గంటకొక జాబితా చొప్పున విడిగా రాస్తే ఏ పక్షి ఒడ్డుకు ఎంత దూరంలో కనిపించిందో తెలుస్తుంది. పేరు తేలనివాటికి "షీర్‌వాటర్ జాతి", "టెర్న్ జాతి" అని నమోదు చేసే వీలు అందులోనే ఉంది. పక్కన ఎగిరిన తీరు, గాలి, నీటి రంగు, ఎండ ఏ వైపు ఉందన్నది రెండు ముక్కలు రాయాలి. ఫొటో మసకగా ఉన్నా జతచేయాలి. రెక్క ఆకారం, తోక పొడుగు మసక ఫొటోలోనూ తెలుస్తాయి. రంగును మాత్రం ఫొటోలో పూర్తిగా నమ్మకూడదు, ఎండకు తెలుపు పొంగిపోతుంది, నీడలో గోధుమ నలుపవుతుంది.

బోటెక్కకుండానే నడిసముద్రపు పక్షి మన గుమ్మం ముందుకు వచ్చే సందర్భం తుపాను. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస వైపు దాటింది. ఇలాంటి గాలులు సూటీ టెర్న్‌లనూ ఫ్రిగేట్‌లనూ షీర్‌వాటర్‌లనూ ఒడ్డుకు, ఒక్కోసారి చాలా లోపలికి తోసేస్తాయి. షీర్‌వాటర్‌లకు కాళ్లు బాగా వెనక్కి ఉంటాయి కాబట్టి నేల మీద సరిగ్గా నడవలేవు. అది చూసి కాలు విరిగిందనుకుంటారు. అలాంటి పక్షి కనిపిస్తే నీళ్లలోకి విసరొద్దు, ముక్కు తెరిచి నీళ్లు పోయొద్దు. గాలి ఆడే అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి, చీకటిగా, కుక్కలకు దూరంగా ఉంచి అటవీ శాఖకు కబురు చేయాలి. పెట్టెలో పెట్టే ముందు ముక్కు, కాళ్లు, రెక్క కింది భాగం, తోక విడివిడిగా ఫొటో తీయాలి. బోటు మీద ఎప్పటికీ చూడలేని గుర్తులన్నీ ఆ నాలుగు ఫొటోల్లో ఉంటాయి.